ఫెలొనీ శిక్ష పడిన రిటైర్డ్ సైనికుడికి అమెరికా సైనిక స్థావరంలోకి ప్రవేశం ఉంటుందా?

ప్రశ్న: టెక్సాస్ కోడలు

అందరికీ నమస్కారం. మా వారు చిన్నతనంలోనే తల్లిదండ్రులతో గుంటూరు జిల్లా నుంచి అమెరికా వచ్చి, డిగ్రీ మధ్యలో మానేసి ఆర్మీలో చేరారు. ఇరవై ఏళ్లకు పైగా పనిచేసి సార్జంట్ హోదాలో రిటైరయ్యారు. ఇరాక్, అఫ్ఘానిస్థాన్ రెండూ చూసి వచ్చిన మనిషి. ఉద్యోగంలో ఉన్నంతకాలం అదుపులో ఉన్న తాగుడు, ఆ తర్వాత అదుపు తప్పింది. తాగి కారు నడిపిన కేసులు రెండు అంతకుముందే ఉండటంతో, మూడో కేసు టెక్సాస్ చట్టం ప్రకారం ఫెలొనీ, అంటే తీవ్ర నేరం, అయింది. న్యాయమూర్తి జైలుకు పంపకుండా ప్రొబేషన్ (అధికారి పర్యవేక్షణలో, షరతులతో బయట ఉండటం) ఇచ్చారు. ప్రస్తుతం ఆయన చికిత్స తీసుకుంటున్నారు, తాగడం లేదు.

అసలు సమస్య ఆ తర్వాత వచ్చింది. ప్రొబేషన్ అధికారి ముందు ఒకసారి హాజరు కాకపోవడంతో వారంట్ జారీ అయింది. ఉత్తరం పాత చిరునామాకు వెళ్లడం వల్ల ఆ సంగతి మాకు తెలియలేదు. ఎప్పటిలాగే బీపీ మందుల కోసం దగ్గరలోని సైనిక స్థావరానికి వెళ్లాం. గేటు దగ్గర ఉన్నతను మా వారి కార్డును చేతిలోని స్కానర్‌కు చూపించి, తెరను రెండుసార్లు చూసుకుని, కారు పక్కకు ఆపమన్నాడు. కాసేపటికి మిలిటరీ పోలీసులు వచ్చి ఆయనను దించి, కౌంటీ పోలీసులకు అప్పగించారు. లాయరు సాయంతో ఆ వారంట్ రద్దయింది. అయితే కొన్ని వారాలకు స్థావరం కమాండర్ సంతకంతో బార్ లెటర్, అంటే ప్రవేశ నిషేధ ఉత్తరం, వచ్చింది. మళ్లీ లోపల అడుగుపెడితే ఫెడరల్ నేరమవుతుందని అందులో ఉంది.

దేశం కోసం అన్నేళ్లు పనిచేసిన మనిషిని గేటు దగ్గర ఇలా ఆపేసే అధికారం వారికి నిజంగా ఉందా? ఆయన పెన్షన్‌కు, వీఏ (మాజీ సైనికుల వ్యవహారాల శాఖ) నుంచి వచ్చే వైకల్య భృతికి కూడా ముప్పు ఉందా? మందులు, వైద్యం సంగతి ఏమిటి? నా పేరు మీద కార్డు విడిగా ఉంది కాబట్టి నేను వెళ్లి సరుకులు తెచ్చుకోవచ్చా? తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

జవాబు 1: పాత గేటు కాపలాదారు

అమ్మా, నేను ఆర్మీలో మిలిటరీ పోలీసుగా ఉండి, ఆ తర్వాత కొంతకాలం ఒక స్థావరంలోని విజిటర్ సెంటర్‌లో పనిచేశాను. కాబట్టి గేటు దగ్గర జరిగే వ్యవహారం వరకు చెప్పగలను. చట్టం సంగతి తెలిసినవారు వేరే చెబుతారు.

మొదట ఒక సంగతి స్పష్టం చేసుకోవాలి. మీ వారిని ఆ రోజు ఆపింది ఫెలొనీ శిక్ష కాదు, వారంట్. స్థావరంలోకి వచ్చేవారిని గేటు రెండు రకాలుగా చూస్తుంది. రక్షణశాఖ ఇచ్చిన గుర్తింపు కార్డు ఉన్నవారు, అంటే సర్వీసులో ఉన్నవారు, రిటైరీలు, వారి కుటుంబసభ్యులు, ముందే పరిశీలన అయిన మనుషుల కింద లెక్క. వారు వచ్చిన ప్రతిసారీ నేరచరిత్ర మొత్తం తవ్వరు. కార్డు లేని సందర్శకులు మాత్రం విజిటర్ సెంటర్‌కు వెళ్లి, అక్కడ ఎఫ్‌బీఐ నడిపే జాతీయ నేర సమాచార వ్యవస్థలో పేరు పరిశీలన చేయించుకుని పాస్ తీసుకోవాలి. పాత శిక్షలు ఎక్కువగా అడ్డువచ్చేది ఆ రెండో వరుసలో. ఆర్మీ 2014లో ఇచ్చిన ఆదేశం ప్రకారం గత పదేళ్లలో ఏ ఫెలొనీ శిక్ష ఉన్నా ఎస్కార్ట్ లేకుండా తిరిగే పాస్ నిరాకరించడానికి అది చాలు. హత్య, అత్యాచారం, గూఢచర్యం, ఆయుధాల ఫెలొనీ, మత్తుమందుల విక్రయం వంటి వాటికైతే ఆ పదేళ్ల గడువు కూడా వర్తించదు.

అలాగని కార్డు ఉన్నవారి మీద నిఘా లేదనుకోకండి. 2019 జనవరిలో రక్షణశాఖ విడుదల చేసిన ప్రవేశ నియమాల మాన్యువల్ నిరంతర పరిశీలన గురించి చెబుతుంది. గేటులో నమోదైన కార్డుల వివరాలు తెర వెనుక ఒక వ్యవస్థలో ఎప్పటికప్పుడు కొత్త సమాచారంతో పోల్చబడుతూ ఉంటాయి. వారంట్లు, ఇతర స్థావరాల బార్ ఉత్తర్వులు, పోయినట్టు ఫిర్యాదు ఉన్న కార్డులు, ఉగ్రవాద అనుమానితుల జాబితాలు, ఇవన్నీ అక్కడ తగులుతాయి. నిన్నటి వరకు పచ్చగా వెలిగిన కార్డు ఈరోజు ఎర్రగా వెలగడం వెనుక ఉన్న కారణం అదే. ఆ కుర్రవాడు తెరను రెండుసార్లు చూశాడంటే, పేరు, పుట్టిన తేదీ సరిపోయాయో లేదో చూసుకున్నాడని అర్థం. ఒకే పేరున్న వేరే మనిషి వారంట్ తగలడం మేము చాలా చూశాం.

అరెస్టు తర్వాత మాత్రం కథ మారుతుంది. గేటు దగ్గర జరిగినదాని మీద మిలిటరీ పోలీసు నివేదిక తయారవుతుంది. అది ప్రోవోస్ట్ మార్షల్ (మిలిటరీ పోలీసుల అధిపతి) కార్యాలయానికి, అక్కడి నుంచి సైనిక న్యాయాధికారుల సలహాతో గారిసన్ కమాండర్, అంటే స్థావరం కమాండర్, బల్ల మీదకు వెళుతుంది. ఆ ఫైలులో పాత కేసులన్నీ బయటపడతాయి. బార్ లెటర్ వచ్చింది అలాగే అయి ఉంటుంది.

ఇక మీ సంగతి. బార్ ఉత్తర్వు మనిషి మీద ఉంటుంది, ఇంటి మీద కాదు. మీ కార్డు చెల్లుతున్నంతవరకు మీరు కమిసరీకి (స్థావరంలోని సరుకుల దుకాణం), ఎక్స్ఛేంజ్‌కు (ఇతర వస్తువుల దుకాణం) నిరభ్యంతరంగా వెళ్లవచ్చు, ఇంటికి సరుకులు తెచ్చుకోవచ్చు. కానీ ఆయనను కారులో కూర్చోబెట్టుకుని మాత్రం వెళ్లకండి. కొన్ని స్థావరాల్లో కార్డు ఉన్నవారు తమ వెంట ఉన్నవారికి హామీగా నిలబడే ట్రస్టెడ్ ట్రావెలర్ పద్ధతి ఉంటుంది. బార్ అయిన మనిషిని ఆ పద్ధతిలో లోపలికి తీసుకువెళితే మీ ప్రవేశానికి కూడా ఎసరు వస్తుంది. కారు వెనుక సీటులో ఉన్నారు కదా, ఎవరు చూస్తారులే అనుకున్నవారి కేసులు నేనే రాశాను.

ఒక ముఖ్యమైన పని చేయండి. ఆ ఉత్తరాన్ని నిదానంగా చదివి, దానికి గడువు ఉందా, వైద్యం కోసం మినహాయింపు ఇచ్చారా, అప్పీలు ఎవరికి, ఎన్ని రోజుల్లోగా చేసుకోవాలి, ఆ ఒక్క స్థావరానికేనా ఇంకా వేటికైనా వర్తిస్తుందా అన్నవి ఇక్కడ రాయండి. ఆ మాటలు తెలియకుండా ఎవరు ఏ సలహా ఇచ్చినా అది ఊహే.

జవాబు 2: వర్జీనియా న్యాయవాది

కమాండర్‌కు ఆ అధికారం నిజంగా ఉందా అని మీరు అడిగారు. ఉంది, చాలా బలంగా ఉంది. 1950 నాటి అంతర్గత భద్రతా చట్టం నుంచి వచ్చిన అధికారంతో స్థావరాల కమాండర్లు తమ ఆస్తి, సిబ్బంది రక్షణ కోసం నియమాలు పెట్టవచ్చు. వెళ్లిపొమ్మని, మళ్లీ రావద్దని అధికారి ఆదేశించిన తర్వాత తిరిగి ప్రవేశించినవారికి ఫెడరల్ శిక్షాస్మృతి 18వ సంపుటిలోని 1382వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, జరిమానా పడవచ్చు.

సుప్రీంకోర్టు ఈ విషయంలో అరవై ఏళ్లుగా దాదాపు ఒకే దారిలో నడిచింది. 1956లో వాషింగ్టన్‌లోని నావల్ గన్ ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో వంటపని చేసే ఒక మహిళ ప్రవేశ బ్యాడ్జిని భద్రతా కారణాలు చెప్పి తీసేసుకున్నారు. ఆమెకు విచారణ జరపలేదు, కారణం వివరించలేదు. అయినా 1961లో 5–4 తేడాతో కోర్టు కమాండర్ వైపే నిలిచింది. 1985లో ఆల్బర్టీనీ కేసు వచ్చింది. హవాయిలోని హికమ్ వైమానిక స్థావరంలో పత్రాలను పాడుచేసినందుకు 1972లో ఒకరికి బార్ లెటర్ ఇచ్చారు. ఆయన 1981లో, అందరినీ ఆహ్వానించిన ఓపెన్ హౌస్ రోజున లోపలికి వెళ్లారు. తొమ్మిదేళ్ల నాటి ఉత్తరం ఇంకా చెల్లుతుందని, ప్రజలందరికీ తలుపులు తెరిచిన రోజైనా ఆయనకు మాత్రం మూసే ఉన్నాయని కోర్టు తేల్చింది. 2014లో ఏపెల్ కేసులో ఇంకొంచెం ముందుకు వెళ్లి, కాలిఫోర్నియాలోని వాండెన్‌బర్గ్ స్థావరం పరిధిలో ప్రజలు వాడే రహదారి పక్కన నిలబడినా ఆ సెక్షన్ వర్తిస్తుందని చెప్పింది. గడువు రాయని బార్ లెటర్ కాలం గడిస్తే దానంతటదే చచ్చిపోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

అయితే ఈ అధికారానికి హద్దే లేదనుకోనవసరం లేదు. పూర్తిగా ఇష్టారాజ్యంగా, లేదా జాతి, మతం వంటి వివక్షతో నిషేధిస్తే అది నిలబడదు. స్థావరం తన సొంత నియమాలను తానే పాటించకపోయినా ఫెడరల్ కోర్టులో ప్రశ్నించవచ్చు. మీ వారి విషయంలో రికార్డులో శిక్ష ఉంది, వారంట్ మీద అరెస్టు ఉంది. కాబట్టి కోర్టుకు వెళితే గెలుస్తారని ఆశపెట్టలేను. మీ బలం కోర్టులో కంటే కమాండర్‌కు రాసే అప్పీలులో ఎక్కువగా ఉంది.

పెన్షన్ గురించి నిశ్చింతగా ఉండండి. నేరం రుజువైనంత మాత్రాన సైనిక రిటైర్డ్ పే పోదు. హిస్ చట్టంగా పిలిచే 1954 నాటి చట్టం, దాని తర్వాతి సవరణల ప్రకారం దేశద్రోహం, గూఢచర్యం వంటి జాతీయ భద్రతకు సంబంధించిన నేరాలకే ఆ పెన్షన్ ఆగుతుంది. తాగి కారు నడపడం ఎన్నిసార్లు రుజువైనా ఆ జాబితాలోకి రాదు.

వీఏ భృతి విషయంలో నియమం వేరు. ఫెలొనీ శిక్షతో జైలులో ఉంటే 61వ రోజు నుంచి భృతి తగ్గుతుంది. వైకల్యం 20 శాతం లేదా అంతకు మించి ఉన్నవారికి 10 శాతం స్థాయి మొత్తమే ఇస్తారు. 10 శాతం ఉన్నవారికి అందులో సగం ఇస్తారు. మీ వారు జైలులో లేరు, ప్రొబేషన్ మీద బయట ఉన్నారు కాబట్టి ఈ కోత వర్తించదు. కానీ ఫెలొనీ కేసులో వారంట్ నుంచి తప్పించుకు తిరుగుతున్న మనిషిగా లెక్కించిన కాలానికి భృతి ఆపే నియమం 2001 నుంచి ఉంది. వీఏ నుంచి అలాంటి నోటీసు ఏదైనా వస్తే, అది పాత చిరునామాకు వెళ్లకుండా ఇప్పుడే చిరునామా మార్పించండి. వారంట్ రద్దు ఉత్తర్వు ధ్రువీకృత నకలు ఒకటి ఇంట్లో ఉంచుకోండి. మీ కష్టాల్లో సగం ఒక పాత చిరునామా తెచ్చిపెట్టినవే అనిపిస్తోంది.

జవాబు 3: నేవీ రిటైరీ, శాన్ డియాగో

సోదరీ, మీ బాధ అర్థమైంది. అయినా రెండో వైపు మాట కూడా ఎవరో ఒకరు చెప్పాలి. స్థావరం అంటే ఆయుధాల గోదాము మాత్రమే కాదు. లోపల వేల కుటుంబాలు కాపురముంటాయి, బడులు ఉంటాయి, సాయంత్రం పిల్లలు రోడ్ల మీద సైకిళ్లు తొక్కుతుంటారు. మూడుసార్లు తాగి కారు నడిపిన మనిషిని ఆ రోడ్ల మీదకు రానివ్వకూడదని కమాండర్ అనుకుంటే, అతడిని నేను తప్పుపట్టలేను. లైంగిక నేరాల రిజిస్టర్‌లో పేరున్నవారి విషయంలో నేవీ ఇంకా కఠినంగా ఉంటుంది. అక్కడ సేవ ఎన్నేళ్లన్నది లెక్కలోకి రాదు.

నాకు అభ్యంతరం ఉన్నది వేరే చోట. దొంగతనం చేసినవాడికీ, తాగుడుకు బానిసైనవాడికీ, ముప్పై ఏళ్ల కిందట కుర్రతనంలో ఏదో చేసి ఆ తర్వాత మచ్చలేకుండా బతికినవాడికీ చాలాచోట్ల ఒకే నమూనా ఉత్తరం, పేరు మార్చి పంపుతున్నారు. ఆర్మీలో ఒక స్థావరం రానిచ్చిన మనిషిని ఇంకో స్థావరం ఆపేస్తుంది. కమాండర్ మారితే నిర్ణయం మారుతుంది. భద్రత కోసమే అయితే ఇంత తేడా ఎందుకుండాలో ఎవరూ చెప్పరు.

ఇక పనికొచ్చే మాట. స్థావరం గేటు మూసినంత మాత్రాన మీ సౌకర్యాలన్నీ పోవు. ట్రైకేర్ (సైనికులు, రిటైరీల ఆరోగ్య బీమా) కార్డుతో స్థావరం బయట నెట్‌వర్క్‌లో ఉన్న డాక్టరును చూడవచ్చు. బీపీ మందుల్లాంటి రోజూ వాడేవాటిని పోస్టు ద్వారా ఇంటికే తెప్పించుకునే సదుపాయం ఉంది. ఊళ్లోని నెట్‌వర్క్ ఫార్మసీలోనూ తీసుకోవచ్చు. లోపలి ఫార్మసీలో పైసా ఖర్చు ఉండదు, ఇక్కడ కొద్దిగా కట్టాలి, తేడా అంతే. ఆయనకు 65 నిండి మెడికేర్ (పెద్దవయసువారికి ప్రభుత్వ ఆరోగ్య బీమా) రెండు భాగాలూ ఉంటే ట్రైకేర్ ఫర్ లైఫ్ వస్తుంది, అప్పుడు ఈ గేటు అవసరం ఇంకా తగ్గుతుంది. ఎక్స్ఛేంజ్ వస్తువులు ఆన్‌లైన్‌లో కొనుక్కోవచ్చు. 2017 నవంబర్ 11 నుంచి గౌరవప్రదంగా సర్వీసు ముగించిన వెటరన్లందరికీ ఆ సదుపాయం తెరిచారు.

వీఏ ఆసుపత్రులు వేరే శాఖవి, అక్కడ స్థావరం కమాండర్ మాట చెల్లదు. అయితే కొన్ని వీఏ క్లినిక్‌లు స్థావరం కంచె లోపలే ఉంటాయి. కాబట్టి అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే చిరునామా ఎక్కడిదో అడగండి.

ఇది చదివే మిగతావారి కోసం ఒక మాట. ఇరవై ఏళ్లు పూర్తిచేయని వెటరన్లలో కొందరికి 2020 జనవరి 1 నుంచి కొత్త చట్టం కింద కమిసరీ, ఎక్స్ఛేంజ్ ప్రవేశం దొరికింది. పర్పుల్ హార్ట్ (యుద్ధంలో గాయపడినవారికిచ్చే పతకం) పొందినవారు, యుద్ధఖైదీలుగా ఉన్నవారు, సర్వీసు వల్ల వైకల్యం వచ్చినవారు, వారిని చూసుకునే నమోదిత సంరక్షకులు అందులోకి వస్తారు. ఆ వెటరన్లు చూపించేది రక్షణశాఖ కార్డు కాదు, వీఏ ఇచ్చే ఆరోగ్య కార్డు. కాబట్టి ముందుగా నేపథ్య పరిశీలన దాటాలి. చట్టం సౌకర్యం ఇచ్చింది కదా అని ఫెలొనీ ఉన్నవారు ధీమాగా గేటుకు వెళితే, అక్కడ చిక్కు వస్తుంది.

టెక్సాస్ కోడలు

అందరికీ ధన్యవాదాలు. నేవీ అన్నగారి మాట మొదట గుచ్చుకుంది కానీ, అది అన్యాయమని అనలేను. ఆ మూడో కేసు రాత్రి ఆయన నడిపిన రోడ్డు మీద మా పిల్లల బడి కూడా ఉంది.

ఉత్తరం మళ్లీ చదివాను. ఒకటే పేజీ. ఈ స్థావరంలోనికి, దాని కింద ఉన్న ఇతర స్థలాల్లోనికి ప్రవేశం నిషేధమని ఉంది. గడువు లేదు, "తదుపరి ఉత్తర్వు వచ్చేవరకు" అని మాత్రమే ఉంది. ముందుగా నిర్ణయించిన వైద్య అపాయింట్‌మెంట్లకు మినహాయింపు ఉంది, కానీ నేరుగా ఆసుపత్రికి వెళ్లి నేరుగా బయటకు రావాలట. ఫార్మసీ గురించి ఏమీ రాయలేదు. అప్పీలును గారిసన్ కమాండర్ కార్యాలయానికి రాతపూర్వకంగా పంపాలని, గడువు ముప్పై రోజులని ఉంది. అందులో సగం ఇప్పటికే గడిచిపోయింది. ఇంకొక చిక్కు కూడా ఉంది. నా కార్డు గడువు ఈ ఏడాదే ముగుస్తోంది. దాన్ని కొత్తగా తీసుకోవడానికి ఆయన నాతో కూడా రావాలన్నారు. ఆయనే లోపలికి రాలేకపోతే నా కార్డు ఎలా వస్తుంది?

పాత గేటు కాపలాదారు

ముందు కార్డు సంగతి చెబుతాను, అది తేలిక. కుటుంబసభ్యుల కార్డు కోసం మీ వారు 1172-2 అనే ఫారం మీద సంతకం చేయాలి. ఆయన స్వయంగా రాలేనప్పుడు నోటరీ ఎదుట సంతకం చేసిన ఫారం తీసుకువెళితే సరిపోతుంది. ఆన్‌లైన్‌లో ఎలక్ట్రానిక్‌గా సంతకం చేసే వీలు కూడా ఉంది. పైగా కార్డులిచ్చే కార్యాలయాలన్నీ స్థావరాల లోపల ఉండవు. నేషనల్ గార్డ్, రిజర్వ్ కేంద్రాల్లో కొన్ని బయటే ఉంటాయి. రక్షణశాఖ వెబ్‌సైట్‌లో కార్యాలయాల జాబితా చూసి, ఫోన్ చేసి, కంచె బయట ఉన్నదానిలో సమయం తీసుకోండి.

ఫార్మసీని వైద్యంలో భాగమని మీ అంతట మీరు అర్థం చేసుకుని ఆయనను పంపకండి. ఉత్తరంలో లేనిది లేనట్టే. రాతపూర్వకంగా అడిగి, రాతపూర్వకంగానే జవాబు తెచ్చుకోండి. ఈలోగా మీరు మీ కార్డుతో వెళ్లి ఆయన మందులు తేవచ్చు. ఫార్మసీ వారు ఆయన కార్డు, లేదా దాని నకలు చూపించమని అడుగుతారు, కొన్నిచోట్ల అనుమతి పత్రం కూడా కావాలంటారు. ముందుగా ఫోన్ చేసి కనుక్కోండి.

అపాయింట్‌మెంట్ రోజున ఆయన బార్ లెటర్ నకలు, అపాయింట్‌మెంట్ కాగితం, వారంట్ రద్దు ఉత్తర్వు, ఈ మూడూ చేతిలో పెట్టుకుని విజిటర్ సెంటర్ ఉన్న గేటుకే వెళ్లాలి. కార్డు మళ్లీ ఎర్రగానే వెలుగుతుంది. అప్పుడు గేటు దగ్గరి మనిషి తన పై అధికారికి ఫోన్ చేయవలసి వస్తుంది, ఉదయం రద్దీలో అది ఎంతసేపైనా పట్టవచ్చు. కాబట్టి బాగా ముందుగా బయలుదేరండి. ఇంకొకటి, కారు మీరు నడపండి. బార్ ఉత్తర్వుతో పాటు స్థావరం లోపల వాహనం నడిపే అనుమతిని కూడా విడిగా రద్దు చేసి ఉండవచ్చు. ఆర్మీ ట్రాఫిక్ నియమాల ప్రకారం తాగి నడిపిన కేసు రుజువైతే ఆ రద్దు కనీసం ఏడాదిపాటు ఉంటుంది, ఇతర స్థావరాలు కూడా దాన్ని పాటిస్తాయి. ఆయనను కారులో తీసుకువెళ్లవద్దని పైన నేను చెప్పింది మినహాయింపు లేని సందర్భానికి. ఉత్తరంలో రాసిన వైద్యం పనికి తీసుకువెళ్లడం వేరు. దారిలో పాల ప్యాకెట్ కోసం కమిసరీ దగ్గర ఆగినా మాత్రం ఆ మినహాయింపు దాటినట్టే.

వర్జీనియా న్యాయవాది

గడువులో సగం గడిచిందంటున్నారు కాబట్టి ఈ వారమే పంపండి. కాగితాలన్నీ చేతికి రాలేదని ఆగవద్దు. ఉన్నవాటితో అప్పీలు వేసి, మిగతావి జతచేస్తామని అందులోనే రాయవచ్చు. చేరినట్టు రసీదు వచ్చే పద్ధతిలో పంపండి.

ఉత్తరం ఆయన పేరుతో, ఆయన సంతకంతో ఉండాలి. మీరు విడిగా ఒక లేఖ జతచేయవచ్చు. యుద్ధానికి వెళ్లిన సంగతి, పతకాలు మొదటి పేరాలో గుప్పించకండి. కమాండర్ ఎదుట కూర్చున్న ప్రశ్న ఈ మనిషి ఎంత సేవ చేశాడన్నది కాదు, ఇతన్ని మళ్లీ రానిస్తే ప్రమాదమా అన్నది. ఆ ప్రశ్నకే నేరుగా జవాబు చెప్పండి. కేసు ఏమిటో, తీర్పు ఏమిటో దాచకుండా రెండు వాక్యాల్లో రాయండి. వారంట్ ఎందుకు జారీ అయిందో, ఎలా రద్దయిందో చెప్పి ఉత్తర్వు నకలు పెట్టండి. చికిత్స ఎక్కడ, ఎప్పటి నుంచి తీసుకుంటున్నారో చికిత్సా కేంద్రం రాసిన కాగితంతో చూపించండి. షరతులన్నీ పాటిస్తున్నారని ప్రొబేషన్ అధికారి ఒక లేఖ ఇస్తే, ఈ మొత్తం ఫైలులో దానికే ఎక్కువ బరువు ఉంటుంది. సర్వీసు రికార్డు, డీడీ-214 (సర్వీసు ముగింపు ధ్రువపత్రం) చివర జతచేయండి.

అడిగేది రెండు మెట్లుగా అడగండి. మొదటిది, నిషేధాన్ని పూర్తిగా ఎత్తివేయమని. అది కుదరకపోతే ఆసుపత్రితో పాటు ఫార్మసీకి, గుర్తింపు కార్డు కార్యాలయానికి, రిటైరీల సేవా కార్యాలయానికి మినహాయింపును విస్తరించి, నిషేధానికి ఒక ముగింపు తేదీ పెట్టమని. పూర్తిగా ఎత్తివేయడానికి ఒప్పుకోని కమాండర్లు ఈ రెండోదానికి ఒప్పుకోవడం నేను చాలాసార్లు చూశాను. ఎందుకంటే వైద్యం రిటైరీకి చట్టం ఇచ్చిన అర్హత. సైనిక ఆసుపత్రిలో చోటు ఉన్నంతవరకే అన్న షరతు దానికి ఉన్నా, గేటు దగ్గర దాన్ని పూర్తిగా అడ్డుకోవడం వారికీ ఇబ్బందే.

ఇంకో పని సమాంతరంగా చేయండి. ఎఫ్‌బీఐ దగ్గర తన పేరు మీద ఏముందో ఆయన తెప్పించుకోవచ్చు. వేలిముద్రలు, 18 డాలర్ల రుసుము పంపితే నేరచరిత్ర సారాంశం ఇస్తారు. అరెస్టు నమోదై, దాని తీర్పు నమోదు కాకుండా ఖాళీగా మిగిలిన పాత కేసులు అందులో తరచుగా కనిపిస్తాయి. కొట్టివేసిన కేసు కూడా చూసేవారికి ఇంకా నడుస్తున్న కేసులా కనిపిస్తుంది. అలాంటిది ఏదైనా ఉంటే, ఆ కేసు నడిచిన కోర్టు నుంచి తీర్పు ధ్రువీకృత నకలు తీసుకుని రాష్ట్ర స్థాయిలోనే సరిచేయించాలి.

అప్పీలు తిరస్కరిస్తే మీ నియోజకవర్గ కాంగ్రెస్ సభ్యుని కార్యాలయానికి రాయండి. వారు నిర్ణయాన్ని మార్చలేరు, కానీ వారి నుంచి విచారణ వస్తే ఆర్మీ రాతపూర్వకంగా జవాబు చెప్పక తప్పదు. ఆ జవాబులో అసలు కారణం, మళ్లీ ఎప్పుడు దరఖాస్తు చేసుకోవచ్చన్నది తెలిసే అవకాశం ఉంది.

నేవీ రిటైరీ, శాన్ డియాగో

న్యాయవాది గారు చెప్పినదానికి ఒకటి కలుపుతాను. ఆ స్థావరంలో రిటైరీల మండలి ఉందేమో కనుక్కోండి. చాలా స్థావరాల్లో పాత సీనియర్ సార్జంట్లు, అధికారులు అందులో స్వచ్ఛందంగా పనిచేస్తుంటారు, కమాండర్‌ను ఏడాదికి కొన్నిసార్లు కలుస్తారు. మీ వారి దళంలో ఆయన పై అధికారిగా పనిచేసి రిటైరైనవారు ఎవరైనా ఒక లేఖ ఇస్తే దాన్ని కూడా అప్పీలులో పెట్టండి. పొగడ్తలు వద్దు. ఇప్పుడు ఆయనతో మాట్లాడుతున్నాను, తాగడం లేదని నాకు తెలుసు అన్నంత వరకు చాలు.

టెక్సాస్ కోడలు

ప్రొబేషన్ అధికారి లేఖ ఇవ్వడానికి ఒప్పుకున్నారు, శుక్రవారానికి చేతికి వస్తుంది. ఫారం మీద నోటరీ సంతకం నిన్ననే చేయించాం. అప్పీలులో ఒక సందేహం మిగిలింది. ప్రొబేషన్ ఇంకా రెండేళ్లు ఉంది. అది ముగియకుండా నిషేధం ఎత్తివేయమని అడిగితే మొత్తానికే కొట్టేస్తారా, అప్పటిదాకా ఆగి అడగడం మేలా?

వర్జీనియా న్యాయవాది

ఆగవద్దు. ఇప్పుడు అడగకపోతే అప్పీలు గడువు దాటిపోతుంది, మినహాయింపును విస్తరించుకునే అవకాశం కూడా జారిపోతుంది. పూర్తిగా ఎత్తివేయడానికి ఇప్పుడు ఒప్పుకోకపోయినా, ప్రొబేషన్ ముగిసిన తర్వాత పునఃపరిశీలించమని అప్పీలు చివరి పేరాలోనే అడగండి. ఆ రోజు కోర్టు ఇచ్చే డిశ్చార్జ్ ఉత్తర్వు నకలుతో కొత్త దరఖాస్తు వేయండి. అప్పటికి కమాండర్ మారి ఉంటారు, కాబట్టి ఇప్పుడు పంపే ప్రతి కాగితం నకలు, వచ్చే ప్రతి జవాబు, తేదీల వరుసలో ఒక ఫైలులో ఉంచండి.